ఆకాశంలో 35, నేల మీద 40

వికారాబాద్ నుంచి తాండూరుకు ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే, కొన్ని లెక్కలు విమాన ప్రయాణ సమయం కూడా చెప్పేస్తాయి. రెండు ఊళ్లలోనూ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. అయినా నిమిషాలు మాత్రం సిద్ధం! ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం.

ముందు దూరం. వికారాబాద్ సుమారు 17.33 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. తాండూరు 17.25, 77.58 దగ్గర. అక్షాంశంలో డిగ్రీ తేడా అంటే దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి గనుక మన దగ్గర డిగ్రీకి 106 మాత్రమే. ఆ లెక్కన తాండూరు పడమరకు 34, దక్షిణానికి 9 కిలోమీటర్లు. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రం పెడితే సూటిగా 35.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుని భాగిస్తే రెండున్నర నిమిషాలు దాటి వస్తుంది. తిరకాసంతా ఇక్కడే. విమానం దిగేటప్పుడు మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే కిలోమీటరు ఎత్తు తగ్గడానికి నేల మీద 19 కిలోమీటర్లు కావాలి. మన 35లో సగం ఎక్కడానికి, సగం దిగడానికి ఇచ్చినా అది కిలోమీటరు ఎత్తుకైనా చేరదు. 800 వేగం అందుకునేది పది కిలోమీటర్ల ఎత్తున. ఆ వేగం ఈ దారిలో ఎప్పటికీ రాదు.

అలాగని చిన్న దూరాలకు విమానాలే ఉండవని కాదు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 2.7 కిలోమీటర్లకే విమానం నడుస్తోంది. టైంటేబుల్లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చి ఒకసారి 53 సెకన్లలో దిగింది. కానీ అది చిన్న ప్రొపెల్లర్ విమానం, మధ్యలో సముద్రం. మనకు మధ్యలో ఉన్నది అనంతగిరి.

మూసీ పుట్టిన ఆ గుట్టల్లో రోడ్డు మలుపులు తిరుగుతూ దిగుతుంది. ఎదురుగా తాండూరు బండలు నిలువుగా పేర్చుకున్న లారీ మూలుగుతూ ఎక్కుతుంటే, వెనక బస్సు డ్రైవరు రెండో గేరులో ఓపిక పట్టాల్సిందే. అలాంటి చోట మీటరులో అంకె కదలదు, గడియారం మాత్రం కదులుతుంది. అందుకే ఇక్కడివాళ్లు దూరం అడిగితే కిలోమీటర్లు చెప్పరు, ‘గంట పడుతది’ అంటారు. నా మటుకు అదే సరైన కొలత.

రైలు దారి నిజాం కాలంలో, 1874లో తెరిచిన సికింద్రాబాద్–వాడి మార్గంలో భాగం. ధారూర్, రుక్మాపూర్ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. సూటి గీత కన్నా అయిదే ఎక్కువ. ఎక్స్‌ప్రెస్ దొరికితే ముక్కాలు గంటకు అటూ ఇటూగా దింపేస్తుంది. 2016లో వికారాబాద్ జిల్లా అయ్యాక తాండూరు నుంచి కలెక్టరేటుకు పనిమీద వచ్చేవాళ్లకు ఈ పట్టాలు మరీ అక్కరకొచ్చాయి.

విమానమే కావాలంటే వికారాబాద్‌కు దగ్గరలో ఉన్నది శంషాబాద్ విమానాశ్రయం. అది ఇంకా తూర్పున ఉంది. తాండూరు మనిషి ఈ రైల్లో అక్కడికెళ్లి విమానంలో వికారాబాద్ పోవాలన్నా ముందు వికారాబాద్‌ను దాటుకునే పోవాలి.