పడవ బాడుగ – నీటిలో జంట

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. మనకు ఈత నేర్పినవి బావులే. ఆ బావుల్లో ఈత నేర్చిన కుర్రవాళ్ళు ఇప్పుడు మురుడేశ్వరానికి వెళ్ళి, తీరానికి సుమారు 19 కిలోమీటర్ల దూరాన ఉన్న నేత్రాణి ద్వీపం వద్ద స్కూబా కట్టుకొని మునుగుతున్నారు.

పడవను మొత్తంగా మాట్లాడుకొంటే నలుగురెక్కినా, ఎనిమిదిమంది ఎక్కినా బాడుగ ఒకటే. కనుక జతగాళ్ళను వెదకుకోవడం సబబే. అయితే ఖర్చుకు కుదిరినవాడల్లా నీటిలో జంట కాడు. దిగేముందు మన సిలిండరు, పట్టీలు చూచేవాడు, మన గాలి చాలకపోతే తన రెండవ గొట్టం అందించేవాడు జంట. అతడు ఎంత లోతుకు శిక్షణ పొందాడో, కడపట ఎప్పుడు మునిగాడో ముందే అడగవలెను. అడిగితే నొచ్చుకొనేవానితో దిగరాదు. బావి అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి పైకి లేచేవానికి ఊపిరితిత్తులు చినిగే ప్రమాదముందని కూడా చెప్పవలెను.

లెక్కలో కొట్టివేయరాని పద్దు రాత్రి బస. మన మూడు ఊళ్ళూ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉన్నాయి. లోతున ఒంట్లో కరిగిన నత్రజని పోకముందే ఘాటు ఎక్కితే అది బుడగలై కీళ్ళను, నరాలను బాధించవచ్చు. విమానం ఎక్కబోయేవారిని ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగమంటారు. ఘాటెక్కే మనమూ అదే పాటించడం క్షేమం.

కాబట్టి పడవ బాడుగ, గది అద్దె, చివరి గడియలో రానివాని వంతు ఒకే కాగితం మీద రాసుకొని బయలుదేరుదాం. గది అద్దె మిగులుతుందని ఆ రాత్రే ఇంటిదారి పట్టవద్దు.