చేతి జి. పి. యస్. యంత్రమును కంప్యూటరు నుండి విడదీయు విధము

మన విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున తెరవబడినది. రేవు విడుచు ఓడ గట్టునకు కట్టిన మోకులను విప్పిన పిమ్మట గాని కదలదు. చేతి జి. పి. యస్. యంత్రమును కంప్యూటరు నుండి తీయునప్పుడును ఇట్టి క్రమమునే పాటింపవలెను.

ఈ యంత్రము ఉపగ్రహముల సంకేతములు వచ్చుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును లెక్కకట్టును. బయలునందు సయితము కొన్ని మీటర్ల తేడా యుండవచ్చును. కావున హద్దుల తగవులకు సర్వేయరు కొలతయే ప్రమాణము. 2020 డిసెంబరు 21వ తేదీన రాష్ట్రమున ఆరంభమైన భూముల రీసర్వేలో ఇంతకంటె సూక్ష్మముగ కొలుచు రోవరులను వాడిరి. అయినను తోట చుట్టుకొలత, బోరుబావి, గెడ్డ దారి గుర్తించుకొనుటకు చేతి యంత్రము రైతునకు మిక్కిలి ఉపయోగకరము.

మేమును ఒకమారు పొరబడితిమి. ఒక సభ్యుని జీడితోట చుట్టును పూటంతయు ఎండలో తిరిగి గుర్తులు సేకరించి, కంప్యూటరులో వానికి పేర్లుపెట్టి, మరల యంత్రములోనికి ఎక్కించుచుంటిమి. కరెంటు పోవునేమోయను తొందరలో తీగను లాగితిమి. ఆ ఫైలు మరి తెరచుకొనలేదు. మరునాడు తోట చుట్టును మరల తిరుగవలసివచ్చెను.

ఇట్లేల జరిగెనో సంఘపు లెక్కలెరిగినవారు సులభముగ గ్రహింపగలరు. గుమాస్తా చెల్లింపును ముందు చిఠాలో వ్రాసికొని, తీరికవేళ ఆవర్జాలో ఎక్కించును. కంప్యూటరును ఒక్కొక్కప్పుడు వ్రాయవలసినదానిని తనయొద్ద నుంచుకొని, కొంత ఆలస్యముగ యంత్రములో వ్రాయును. ఏ ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు పట్టికను గూడ సవరించును. ఆ నడుమ తీగను లాగుట, గుమాస్తా వ్రాయుచుండగా ఆవర్జాను లాగికొనుట వంటిది. ఒక్క ఫైలే గాక, పట్టికయే చెడి తక్కిన ఫైళ్లును కనబడకపోవచ్చును.

కావున సభ్యులు ఈ క్రింది విధముగ చేయవలెను.

(1) ఫైళ్లను కంప్యూటరులోనికి నకలు చేసికొని, ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. పిమ్మట యంత్రములోని ఫైళ్లను, పటముల ప్రోగ్రాములను మూయవలెను.

(2) విండోస్ కంప్యూటరైనచో, తెర అడుగున కుడిమూల గడియారము చెంతనుండు యు. యస్. బి. గుర్తును నొక్కవలెను. అది కనబడనిచో ప్రక్కనున్న చిన్న బాణమును నొక్కిన కనబడును. అందు యంత్రము పేరుగల ‘ఎజెక్ట్’ను నొక్కి, తీయవచ్చునను సందేశము వచ్చువరకు ఆగవలెను. మ్యాక్‌నందు యంత్రము పేరు ప్రక్కనుండు ఎజెక్ట్ గుర్తును నొక్కవలెను.

(3) యంత్రము వాడుకలో నున్నదని కంప్యూటరు చెప్పినచో, ఏదో ఫైలు ఇంకను తెరచియున్నదని తెలియవలెను. ఎంత వెదకినను దొరకనిచో కంప్యూటరును ఆపివేసి, పిమ్మట తీగను తీయవలెను.

(4) తీగను గాక పిన్నును పట్టి తిన్నగా లాగవలెను. మన తీరపు గాలిలో ఉప్పు మెండు గనుక యంత్రపు రబ్బరు మూతను వెంటనే మూయవలెను.

2018లో వచ్చిన విండోస్ 10 మార్పు మొదలు, కంప్యూటరు ఇట్లు ఆలస్యముగ వ్రాయు పద్ధతిని సాధారణముగ వాడుటలేదు. కొన్ని క్రొత్త యంత్రములకు ఎజెక్ట్ గుర్తే కనబడదు. అయినను నకలు సాగుచుండగా లాగిన నష్టము తప్పదు.

ఒకవేళ ఫైళ్లు కనబడక, కంప్యూటరు ‘ఫార్మాట్ చేయుదునా’ యని యడిగినచో, ఒప్పుకొనరాదు. క్రొత్తగా నేమియు అందు వ్రాయక, తెలిసినవారికి చూపినచో కొన్నిటినైన రాబట్టవచ్చును.

నిమిషమాత్రపు ఓపిక, ఎండలో మరల ఒక పూట తిరుగుటను తప్పించునని సభ్యులు మరువకుందురు గాక.