శివారుకు నీరొచ్చే వేళ

అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా హంసలదీవికి వెళ్లే దారిలో కాలువ కొంతదూరం మనకు తోడొస్తుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ అది సన్నబడుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణమ్మ నీరు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నదిని దాటి దివిసీమలోకి వస్తుంది. ఎగువ ఊళ్లన్నీ తడుపుకున్నాక మిగిలిందే ఇక్కడికి చేరుతుంది. నిఘంటువులో ‘శివారు’ అంటే ఊరి పొలిమేర. ఇక్కడి రైతుకు మాత్రం అందరికన్నా చివర నీరందే పొలం. పక్కనే నది సముద్రంలో కలుస్తుంటుంది, అయినా నాటుకు నీళ్ల కోసం ఎదురుచూపులే. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరు.

హంసలదీవి పేరు వెనక కథ చాలామందికి తెలిసిందే. పాపాలు కడుక్కోవడానికి ఊరూరా తీర్థాలు తిరిగిన కాకి ఈ సంగమంలో మునిగి తెల్లటి హంసగా తేలిందట. మాఘ పౌర్ణమికి ఇప్పటికీ జనం సాగరసంగమంలో స్నానం చేసి, వేణుగోపాలస్వామిని దర్శించుకుంటారు. పాలకాయతిప్ప దగ్గర బండి దిగి మడ అడవుల వైపు చూస్తూ నిలబడితే, ఈ కథను ఇక్కడివాళ్లు ఎందుకింతగా ఇష్టపడతారో అర్థమవుతుంది. మారిపోవచ్చన్న ఆశ ఊరి పేరులోనే ఉంది.

ఇప్పుడు దివిసీమలో ఆ మునక పేరు డీఎస్సీ.

నేను వేళాకోళానికి అనడం లేదు. టీచరు ఉద్యోగం కోసం చదివేవాళ్లకు అవనిగడ్డ కొన్నేళ్లుగా రాజధాని లాంటిది. నోటిఫికేషన్ వస్తుందన్న మాట పుట్టిందంటే చాలు, శ్రీకాకుళం నుంచీ అనంతపురం నుంచీ కూడా పిల్లలు పెట్టెలు సర్దుకుని వచ్చేస్తారు. పెళ్లయినవాళ్లు, చంటిబిడ్డను అమ్మ దగ్గర వదిలొచ్చినవాళ్లు కూడా అందులో ఉంటారు. గదులు నిండిపోతాయి, మెస్సుల ముందు బారులు తీరతారు. 2025 మెగా డీఎస్సీలో ఉన్నవి 16,347 పోస్టులు. రాసినవాళ్లు లక్షల్లో.

ఆ గదుల్లోకి ఈమధ్య కొత్త మాస్టారొకడు చేరాడు, ఫోన్లోని కృత్రిమ మేధ. సైకాలజీ మీద ఇరవై బిట్లు ఇవ్వమంటే అర నిమిషంలో ఇస్తాడు. అర్థం కాలేదంటే విసుక్కోకుండా మళ్లీ చెబుతాడు. ఫీజు లేదు. చదువుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కాకపోతే తప్పును కూడా ఒప్పు చెప్పినంత ధీమాగా చెబుతాడు. అలాంటి ఒక యాప్‌ను లంక, దీవి, తిప్ప, దిబ్బ మధ్య తేడా ఏమిటని నేనడిగాను. నాలుగూ ఒకటేనంది. కృష్ణ ఒడ్డున పుట్టిన ఏ పిల్లాడూ ఆ మాట అనడు. నది మధ్యన మేట వేసి, పంట పండేది లంక. సముద్రం ఒడ్డున ఇసుక లేచిన చోటు తిప్ప. వలవేసేవాడికి పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో తెలియడం ఎంత ముఖ్యమో, ఏ ఇసుక ఎంతకాలం నిలుస్తుందో తెలియడమూ అంతే ముఖ్యం. ఈ మాటలు పుస్తకాల్లోకి ఎక్కింది తక్కువ. పుస్తకంలో లేనిది యంత్రానికి తెలిసే దారి ఇంకా సరిగ్గా పడలేదు.

అసలు యంత్రం ఒక్కటీ ఉంటే చాలా అన్న అంతకన్నా పెద్ద ప్రశ్నకు జవాబు కోసం మచిలీపట్నం వైపు వెళ్లాలి. పట్నం దగ్గరి సీతారామపురంలో 1991లో ఒక రైతు కుటుంబంలో చూపు లేని పిల్లాడు పుట్టాడు. దిండుతో నొక్కి చంపేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. వీధికుక్క ఇంట్లోకి దూరినా తెలియదు, వీడు ఇంటికి కాపలాకు కూడా పనికిరాడన్నారు. ఆ పిల్లాడే శ్రీకాంత్ బొల్లా. ఈ మాటలు తర్వాత తానే బయటపెట్టారు. అన్న చెయ్యి పట్టుకుని, వానాకాలం మునిగిపోయే బాటలో మైళ్లు నడిచి ఊరి బడికి వెళితే అక్కడ పలకరించేవాళ్లు లేరు. ఎనిమిదేళ్లప్పుడు తండ్రి హైదరాబాద్‌లో అంధుల పాఠశాలలో చేర్చారు.

పదో తరగతి మంచి మార్కులతో పాసైన కుర్రాడు ఇంటర్లో లెక్కలు, సైన్సు తీసుకుంటానన్నాడు. కుదరదన్నారు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి కనుక చూపు లేనివాళ్లకు ఆ కోర్సు లేదన్నది నిబంధన. ఒక టీచరమ్మ ఊరుకోలేదు. అర్జీలు పెట్టారు, న్యాయవాది దొరికాడు, హైకోర్టుకు వెళ్లారు. ఆరు నెలల తర్వాత అనుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాలన్నీ గొంతుతో చదివించి రికార్డు చేసుకుని, వింటూ చదివిన ఆ కుర్రాడికి వచ్చినవి 98 శాతం.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. బొమ్మలో ఏముందో ఫోను కెమెరా చూసి చెప్పే ‘సీయింగ్ ఏఐ’ లాంటి యాప్ వచ్చింది 2017లో. శ్రీకాంత్‌కు అది దొరకలేదు. అవసరమూ పడలేదు. అతనికి కావలసిన సాంకేతికత ఒక మనిషి గొంతు, ఒక రికార్డరు. అడ్డు నిలిచింది మాత్రం కాగితం మీది ఒక నిబంధన. కాలువ నిండా నీరుంది, లాకు దించి ఉంది. అంతే తేడా.

ఆ తర్వాతా లాకులు తప్పలేదు. ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోలేదు, చిన్న మొక్క మీద కుండపోత కురిస్తే ఏమవుతుందో అన్నట్టు మాట్లాడారు. ఐఐటీకి నేనక్కర్లేకపోతే నాకూ ఐఐటీ అక్కర్లేదనుకుని ఆయన అమెరికాకు దరఖాస్తులు పెట్టారు. 2009లో ఎంఐటీలో చేరారు. అక్కడ చదివిన తొలి విదేశీ అంధ విద్యార్థి ఆయనే. అబ్దుల్ కలాం ఏమవుతావని అడిగితే, దేశానికి మొదటి అంధ రాష్ట్రపతినవుతానన్నది ఇంకా చిన్నప్పటి మాట. ఆశకు హద్దు ఉండాలనేవాళ్లు ఈ జవాబు ఒకసారి చదవాలి.

చదువయ్యాక అమెరికాలో ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 2012లో హైదరాబాద్ వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టారు. వక్కచెట్టు ఆకుల పళ్లేలు, వాడిన కాగితంతో ప్యాకింగ్ సరుకు తయారుచేసే సంస్థ అది. పనిచేసేవాళ్లలో వికలాంగులు చాలామంది. రతన్ టాటా పెట్టుబడి పెట్టారు. 2017లో ఫోర్బ్స్ ఆసియా యువ జాబితాలో పేరొచ్చింది, 2024లో రాజ్‌కుమార్ రావుతో హిందీ సినిమా వచ్చింది. అందరూ సినిమానే చెప్పుకుంటారు. నన్నడిగితే కథ ఆ ఆరు నెలల కోర్టు కాలంలోనే ఉంది.

చదువు గుమాస్తాలనే తయారుచేయకూడదన్న ఆలోచన ఈ నేలకు కొత్తదేమీ కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో మచిలీపట్నంలో, అదే బందరులో, ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు పాఠంతోపాటు చేతిపనీ నేర్పాలనుకున్నారు. ఆ పట్టాభిగారే 1923లో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. ఈ రోజుల్లో అయితే దాన్ని స్టార్టప్ అనేవాళ్లం.

లాకులెత్తినవాళ్లలో మరొకరిని తలవకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, అదే మన రాజ్ రెడ్డి, ‘కృత్రిమ మేధ’ అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ చేశారు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పడం ఆయన పని. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 2008లో పుట్టిన ట్రిపుల్ ఐటీలకు వెనక ఉన్నదీ ఆయనే. నూజివీడు క్యాంపస్‌లో చేరేది ఎక్కువగా పల్లెటూరి బడుల్లో పదో తరగతి బాగా పాసైన పిల్లలు. కోచింగ్ లేదు, ఎంట్రన్స్ లేదు, పది మార్కులే కొలత. దివిసీమ పిల్లలకు కృత్రిమ మేధకు దగ్గరి దారి ఏదంటే ఫోను కన్నా ముందు నేను ఈ క్యాంపస్ పేరే చెబుతాను.

తిరుగు దారిలో కోడూరు దాటాక కాలువ గట్టు మీద ఒక పెద్దాయన కనిపించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన తరం. చెవి దగ్గర ఫోను పెట్టుకుని తెలుగులో ఏదో అడుగుతున్నారు. ఫోను కూడా తెలుగులోనే చెప్పింది, రెండు రోజుల్లో వాన పడొచ్చని. ఆయన మొహం వెలిగింది.

‘‘మరి కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో కూడా అడక్కపోయారా?’’ అన్నాను.

పెద్దాయన నవ్వి, ఫోను జేబులో పెట్టుకున్నారు. ‘‘అది దానికేం తెలుసండీ? లాకుల దగ్గరి లస్కరును అడగాలి.’’