కుందేళ్ల పెంపకం: పెరటి మేతతోనే పెంచొచ్చు.. కానీ ఈ పొరపాట్లు చేస్తే మొదటికే మోసం!

కోళ్లు, మేకలతో పాటు మాంసం కుందేళ్ల పెంపకంపైనా కొందరు రైతులు ఆసక్తి చూపిస్తున్నారు. స్థలం తక్కువ, పిల్లలు ఎక్కువ. ఖర్చంతా మేత దగ్గరే. మరి కంపెనీ పెల్లెట్లు కొనకుండా, పాత పద్ధతిలో గట్ల మీది మేతతో వీటిని సాకొచ్చా? సాకొచ్చు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

ముందుగా ఒక మాట. మన చేలల్లో కనిపించే చెవులపిల్లి వేరు, ఫారం కుందేలు వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం అడవి కుందేలును వేటాడటం నేరం. పెంపకానికి న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్చిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ లాంటి జాతులనే ఎంచుకోవాలి.

మేత ఎలా?

దశరథ గడ్డి, లూసర్న్, అలసంద తీగ, ఎండుగడ్డి.. ఇవన్నీ పెట్టొచ్చు. కోసిన పచ్చిమేతను కాసేపు నీడలో వాడ్చి వేయాలి. మంచు, వాన తడితో అలాగే వేస్తే కడుపు ఉబ్బుతుంది. పెద్ద కుందేలుకు రోజుకు పావు కిలో పచ్చిమేత, దానితో పాటు మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క కలిపిన దాణా సుమారు 100 గ్రాములు సరిపోతుంది. పాలిచ్చే తల్లికి దాణా పెంచాలి. బూజు పట్టిన చెక్క మాత్రం అస్సలు వద్దు, అందులోని విషంతో కాలేయం దెబ్బతింటుంది. కుందేళ్లు రాత్రిపూట ఎక్కువ తింటాయి కాబట్టి పచ్చిమేత సాయంత్రం వేయడం మేలు. తన మెత్తటి పెంటికలను తానే తింటుంటే కంగారు పడొద్దు. అది జబ్బు కాదు, దాని జీర్ణక్రియలో భాగం.

పిల్లలు తీయించడం ఎలా?

5-6 నెలల వయసు దాటాక జత కట్టించాలి. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. మగదాన్ని తెచ్చి ఆడదాని బోనులో వేస్తే అది తన చోటు కోసం కొట్లాటకు దిగుతుంది. ఒకే ఈత పిల్లలను జత కట్టిస్తే బలహీనమైన సంతానం వస్తుంది. అందుకే మగవాటిని వేరే చోటు నుంచి తెచ్చుకోవాలి.

చూడి కాలం దాదాపు 31 రోజులు. ఈనడానికి నాలుగైదు రోజుల ముందే ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టె బోనులో పెట్టాలి. తల్లి తన బొచ్చు పీకి అందులో పరుస్తుంది. ఈతకు 6-8 పిల్లలు పుడతాయి. 10-12 రోజులకు కళ్లు తెరుస్తాయి. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లే పాలిస్తుంది, కాబట్టి పట్టించుకోవట్లేదని అనుకోవద్దు. 5-6 వారాలకు పాలు మాన్పించొచ్చు.

అసలు పరీక్ష ఎండాకాలమే

కుందేలుకు చలి కంటే వేడే ప్రమాదం. ఎండలు ముదిరితే మగవాటిలో సంతాన శక్తి తగ్గుతుంది, వడదెబ్బకు చనిపోతాయి కూడా. పైన తాటాకు కప్పు, చుట్టూ తడి గోనె సంచులు, ఎప్పుడూ చల్లటి నీళ్లు ఉండాలి. ఆ నెలల్లో జత కట్టించకపోవడమే మంచిది.

ఇక అమ్మకం సంగతి. కుందేలు మాంసానికి అన్ని ఊళ్లలోనూ గిరాకీ ఉండదు. పిల్లలను అధిక ధరకు అంటగట్టి, పెరిగాక మేమే కొంటామని చెప్పేవాళ్లను నమ్మి లక్షలు పెట్టొద్దు. ముందు ఒక మగ, నాలుగైదు ఆడ కుందేళ్లతో మొదలుపెట్టి, దగ్గర్లో కొనేవాళ్లు ఎవరున్నారో చూసుకున్నాకే సంఖ్య పెంచుకోవాలి.