టికెట్టులో కనిపించని గంటలు

జహీరాబాద్ నుంచి దుబాయ్ ఎంతసేపటి ప్రయాణం? కొడుకునో అల్లుణ్నో గల్ఫ్‌కు పంపిన ఇంట్లో అడిగి చూడండి. 'విమానంలో నాలుగ్గంటలేగా' అంటారు. టికెట్టు చూస్తే ఆ లెక్కా కుదరదు. ఉదాహరణకు, హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు ఎక్కితే 12.30కి దుబాయ్‌లో దిగుతారని ఉంటుంది. అంటే రెండున్నర గంటలే! తిరుగు ప్రయాణంలో అదే పదింటికి ఎక్కితే ఇక్కడ దిగేది మధ్యాహ్నం 3 గంటలకు. అంటే అయిదు గంటలు! దూరం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

గడియారం గారడీ

టికెట్టు మీద ఎక్కే వేళ ఎక్కే ఊరిది, దిగే వేళ దిగే ఊరిది. దుబాయ్ సమయం మనకన్నా గంటన్నర వెనక. వెళ్లేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు పోను నాలుగు, రాను మూడున్నర గంటలు తేలతాయి. మిగిలిన అరగంట తేడా ఎక్కువగా గాలిది. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు, ముఖ్యంగా చలికాలంలో, అటు వెళ్లే విమానానికి ఎదురొస్తాయి, ఇటు వచ్చేదాన్ని ముందుకు తోస్తాయి.

గ్లోబు మీద దారం

రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. అమెరికా సంగతైతే పటం చూసి దారి ఊహించలేం. పిల్లల గ్లోబు మీద హైదరాబాద్ నుంచి షికాగోకు దారం బిగించి లాగండి. అది అట్లాంటిక్ మీదుగా కాదు, ఉత్తర ధ్రువం వైపు నుంచి పోతుంది. దగ్గరి దారి అదే, అయినా 13 వేల కిలోమీటర్ల పైమాటే! 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టింది. ప్రయాణం పదహారు గంటలకు పైనే. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది. ఎక్కడో ఒకచోట విమానం మారాల్సి వస్తే, అక్కడ ఎదురుచూసే గంటలూ కలుస్తాయి.

గడప నుంచి లెక్క

అసలు లెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టాలి. జహీరాబాద్ నుంచి సంగారెడ్డి, ముత్తంగి, ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాద్‌కు వంద కిలోమీటర్లు దాటుతుంది. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే చేరుకోవాలి. అంటే, నాలుగు గంటల విమానానికి నేల మీదే అయిదు గంటలకు పైగా ఖర్చు!

తెల్లవారుజామున వెళ్లే విమానాలతో ఇంకా జాగ్రత్త. టికెట్టులో '20వ తేదీ 3.00' అని ఉంటే అర్థరాత్రికల్లా శంషాబాద్‌లో ఉండాలి. అంటే ఇల్లు కదలాల్సింది 19న రాత్రి తొమ్మిదిన్నరకే! 20న రాత్రి అనుకుని పెట్టె సర్దుకుంటే టికెట్టు డబ్బు పోతుంది. వీసా గడువు దగ్గర పడినవారికైతే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అందుకే టికెట్టు చేతికి రాగానే క్యాలెండర్‌లో విమానం వేళకు కాదు, ఇల్లు వదిలే వేళకు గుర్తు పెట్టుకోండి.