ప్రాణం కోసమా, పాయింట్ల కోసమా?

1954 జనవరి 17. మకావులోని బాక్సింగ్ బరిలో తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీ నిలబడ్డాడు. వయసు 53. ఎదురుగా తెల్లకొంగ శైలి గురువు చాన్ హక్‌ఫూ, వయసులో బాగా చిన్నవాడు. హాంకాంగ్‌లో షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి వీధినపడ్డ వాళ్లకోసం విరాళాల పోటీ అది. పత్రికలు ముందునుంచే ఊదరగొట్టాయి. తీరా గెలుపోటములు తేల్చకుండానే ఆపేశారు.

ఆ పోటీ ఫిల్మ్ ఇప్పటికీ చూడొచ్చు. తాయ్‌చీ నెమ్మదీ లేదు, కొంగ రెక్కల ఒడుపూ లేదు. తలలు వెనక్కి వాల్చి చేతులు ఎడాపెడా విసురుకుంటున్న ఇద్దరు మనుషులు, చాన్ ముక్కున రక్తం, అంతే. అయినా హాంకాంగ్ ఊగిపోయింది. ఆ వేడి చల్లారకముందే, మూడో రోజుకల్లా, ‘న్యూ ఈవినింగ్ పోస్ట్’ పత్రికలో రచయిత లియాంగ్ యూషెంగ్ వీరగాథల సీరియల్ మొదలైంది. బరిలో దక్కని ముచ్చట కథలో తీరింది!

అలాగని ఆ గురువులు చేతగానివాళ్లని కొట్టిపారేయలేం. ఆ విద్యల అవసరమే వేరు. చైనాలో ఛింగ్ వంశ పాలనలో వర్తకుల వెండి బండ్లకు కాపలా వెళ్లేవాళ్లకు సరుకు చేరడమే గెలుపు. దారిలో దొంగలు తగిలితే ముందు మంచి మాటలే. కుదరకపోతే ఈటె, కత్తి. చేయి చేసుకోక తప్పకపోతే కన్ను, గొంతు, మర్మస్థానం చూసి కొట్టి బయటపడాలి. అక్కడ రెండో రౌండ్ ఉండదు. బరిలో ఆడేవాడికి తేదీ తెలుసు, ఎదుటివాడి బరువు తెలుసు, ఓడితే మళ్లీ రావచ్చనీ తెలుసు. అందుకే తెగించి ఆడగలడు.

ఇంతవరకు సంప్రదాయవాదులతో పేచీ లేదు. “మా దెబ్బ పడితే ప్రాణం పోతుంది, అందుకే బరిలోకి దిగం” అన్నప్పుడే అనుమానం. కంట్లో వేలు పొడవాలన్నా ముందు ముఖం చేతికందాలి కదా! గాలిలో వేలసార్లు పొడిచినవాడికన్నా, తప్పుకునే ముఖం మీద రోజూ గ్లవ్ తగిలించేవాడికే అది అందుతుంది. తను తిన్న దెబ్బల వల్ల వాడికి ఇంకోటీ అబ్బుతుంది: ముక్కు అదిరినా కళ్లు మూసుకోడు.

2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో తేలింది ఇదే. తాయ్‌చీ గురువునని చెప్పుకున్న వేయ్ లేయ్ చేతులు చాచి నిలబడ్డాడు. మిశ్రమ యుద్ధకళల (ఎంఎంఏ) శిక్షకుడు షూ షియావ్‌డోంగ్ మీదపడి, అర నిమిషం కూడా గడవకముందే నేలకూల్చాడు. చైనా వూషూ (యుద్ధకళల) సంఘం ఆ పోరును తప్పుపట్టింది. చైనా సోషల్ మీడియా వైబోలో షూ ఖాతా మాయమైంది. సాధన పద్ధతి గురించి జరగాల్సిన చర్చ కాస్తా పరువు గొడవగా మారింది.

నిజానికి జవాబు చైనాలోనే ఉంది. 1979లో ప్రయోగాత్మకంగా మొదలైన సాండా పోటీల్లో పాత విద్యల తన్నులు, పడదోసే పట్లు గ్లవ్స్ తొడుక్కుని బరికెక్కాయి. ఆ సాండాలోనే రాటుదేలిన ఝాంగ్ వేయ్‌లీ 2019 ఆగస్టు 31న షెన్‌జెన్‌లో జెస్సికా ఆండ్రాజీని 42 సెకన్లలో ఓడించి, ఎంఎంఏ పోటీల సంస్థ యూఎఫ్‌సీలో చాంపియన్ అయిన తొలి చైనీయురాలిగా నిలిచింది.