ఒక్క ఏనుగు మార్పిడి

సికింద్రాబాద్ చిలకలగూడలో సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పుతాను. బంటు తక్కువైనా చేతికందిన మార్పిడికల్లా తలూపేవాళ్లకు నేను చూపించే ఆట ఒకటుంది. సింగపూర్, 2024 డిసెంబరు 12. ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్‌కూ, చెన్నైలో పుట్టిన మన తెలుగింటి కుర్రాడు దొమ్మరాజు గుకేశ్‌కూ ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోరులో పద్నాలుగో ఆట, అంటే చివరిది. అప్పటికి స్కోరు 6.5–6.5. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ ఆటలు. వాటిలో డింగ్‌దే పైచేయని చాలామంది అంచనా.

గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు. బంట్లన్నీ ఒకే పక్కనున్నాయి కాబట్టి జాగ్రత్తగా ఆడితే డ్రాయే. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. కొంప మునిగింది అక్కడే! ఆయన శకటు ఏ8 మూలలో ఉంది. మూల గడికి ఒకటే ఐమూల దారి. ఏనుగులు పోగానే గుకేశ్ ఆ దారికి అడ్డంగా డీ5లో తన శకటును నిలిపాడు. తప్పించుకునే చోటు లేదు, శకట్లూ మారిపోయాయి. ఇక మిగిలింది రాజులూ బంట్లూ. అక్కడ అదనపు బంటే గెలుపు. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. అతి చిన్న వయసులో ప్రపంచ చాంపియన్‌గా 1985లో 22 ఏళ్లకు కాస్పరోవ్ నెలకొల్పిన రికార్డును గుకేశ్ 18 ఏళ్లకే దాటేశాడు.

అందుకే మా పిల్లలకు చెబుతాను: మార్పిడికి ముందు, అన్నీ పోయాక బల్ల మీద ఏం మిగులుతుందో లెక్కపెట్టండర్రా!